సాక్ష్యం దిద్దిపెట్టమని వచ్చిన అబ్బాయి: ఒక కేస్ స్టడీ

ఈ కేసులోని అబ్బాయి ఒప్పుకున్న తర్వాతే ఇది రాస్తున్నాను. కుటుంబం, ఊరు, చదువు, డబ్బు లెక్కల్లో కొన్నింటిని మార్చాను. మా చర్చి సంఘం పేరు, కంపెనీ పేరు, మధ్యలో దొంగ ఉద్యోగానుభవ కాగితాలు అమ్మినవాళ్ల పేరు ఎక్కడా రాయలేదు. రాసినదాన్ని ముందు అతనికే చదివి వినిపించాను. రెండు చోట్ల “నేను అలా అనలేదన్నా” అన్నాడు, దిద్దాను. అబద్ధసాక్ష్యం గురించి రాసేటప్పుడు ఆ మాత్రం జాగ్రత్త తప్పదు కదా.

నేపథ్యం

నేను పాస్టరును కాను, బ్యాంకు ఉద్యోగిని. సికింద్రాబాద్ వైపు ఒక తెలుగు సంఘంలో 14 ఏళ్లుగా యౌవనస్తుల కూడికలో పాఠం చెబుతున్నాను. శనివారం సాయంత్రం ఆరింటికి పాతికమంది దాకా వస్తారు. ఎక్కువమంది బీటెక్ చదివినవాళ్లు. చదువు అయ్యాక ఉద్యోగం వచ్చేదాకా మధ్యలో ఉండే కాలమంతా వాళ్లకు అమీర్‌పేటలో గడుస్తుంది. మెట్రో దిగి మైత్రీవనం వైపు నడిస్తే పది అడుగులకొకరు చేతిలో కరపత్రం పెడతారు. ఫలానా కోర్సు, ఇన్ని రోజులు, ఇంత ఫీజు, రేపు ఉచిత డెమో. అక్కడ కోర్సుతో పాటు మరొకటి కూడా దొరుకుతుంది. దాన్ని పిల్లలు “ఎక్స్‌పీరియన్స్ పెట్టుకోవడం” అంటారు. బొట్టు పెట్టుకోవడం, పేరు పెట్టుకోవడం అన్నట్టే, ఎక్స్‌పీరియన్స్ పెట్టుకోవడం.

తెలియనివాళ్ల కోసం చెబుతాను. ఎవరో ఒక కన్సల్టెన్సీ వాళ్లు, కాగితం మీద మాత్రమే నడిచే ఒక కంపెనీలో మీరు రెండేళ్లు పనిచేశారని ఆఫర్ లెటర్, పేస్లిప్పులు, రిలీవింగ్ లెటర్ ఇస్తారు. కొత్త కంపెనీ వాళ్లు ఆ కాగితాలు తనిఖీ చేస్తారు, దాన్నే వెరిఫికేషన్ అంటారు. 2014లో భవిష్యనిధికి (పీఎఫ్) యూఏఎన్ నంబరు, అంటే ఎన్ని ఉద్యోగాలు మారినా ఒకటే ఉండే నంబరు, వచ్చాక ఉద్యోగి పాత సర్వీసు చరిత్ర ఒకచోట కనబడడం మొదలైంది. దాంతో ఈ వ్యాపారం ఆగిపోలేదు, ధర పెరిగింది. ఇంకొంచెం డబ్బు ఇస్తే పీఎఫ్ కూడా కట్టి చూపిస్తారు.

ఇక మా బోధన సంగతి. పది ఆజ్ఞలు కంఠతా పట్టించడం మా పద్ధతి. మా సండేస్కూల్లో ఎనిమిదేళ్ల పిల్ల కూడా గుక్క తిప్పుకోకుండా అప్పజెబుతుంది. అది కంఠం దాటి కిందికి దిగిందో లేదో చూసే పద్ధతి మాత్రం మా దగ్గర లేదు.

సమస్య

అక్టోబరు చివరి శనివారం. కూడిక అయ్యాక ఒక అబ్బాయి ఆగాడు. బీటెక్ అయ్యాక 31 నెలలు ఖాళీగా ఉండి, వేసవి దాటాక ఉద్యోగంలో చేరినవాడు. జీతం చేతికి 34 వేలు. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో మూడు నిమిషాలు సాక్ష్యం, అంటే దేవుడు తనకు చేసిన మేలు, అందరి ముందు చెప్పమని పాస్టరుగారు అడిగారట. రాసుకొచ్చాడు. తెలుగు రాయడం అలవాటు తప్పింది, తప్పులు దిద్దిపెట్టమన్నాడు.

ఒకటిన్నర పేజీ. తల్లి కన్నీళ్లు, హేళన చేసిన బంధువులు, మోకాళ్ల ప్రార్థన, అన్నీ నిజమే, నేను ఎరిగినవే. రెండో పేజీలో ఈ మాట ఉంది: “వెరిఫికేషన్ జరిగిన ఇరవై దినములు మా అమ్మ, నేను ఉపవాసముండి ప్రార్థించాము. దేవుడు వారి కన్నులకు దానిని మరుగుచేసెను.”

“దానిని అంటే దేన్ని?” అన్నాను.

“ఎక్స్‌పీరియన్స్ పెట్టుకున్నాం కదన్నా, అది.”

ఆ వాక్యంలో దిద్దడానికి అక్షరదోషం ఒక్కటీ లేదు.

ఆ క్షణంలో నాకు కోపం రాలేదు, భయం వేసింది. దొంగతనం చేసినవాడు దాచుకుంటాడు. ఇతను దాచుకోలేదు. కాగితం మడత పెట్టి బైబిల్లో పెట్టుకుని గుడికి తెచ్చాడు. మూడువందల మంది ముందు దేవునికి స్తోత్రం చెప్పబోతున్నాడు. అంటే ఇతనికి ఆజ్ఞ తెలియక కాదు, తెలిసి ధిక్కరించడమూ కాదు. ఆజ్ఞ ఒక గదిలో ఉంది, ఉద్యోగం ఇంకో గదిలో ఉంది, మధ్య గోడకు తలుపు లేదు. ఈ మాట ఇప్పుడు ఇంత తేలిగ్గా రాస్తున్నాను గాని ఆ రోజు నా అంచనా వేరు. “వాక్యం సరిగ్గా తెలియలేదు, తెలియజెప్పాలి” అనుకున్నాను. అక్కడి నుంచి దాదాపు నెల రోజులు నేను చేసిన తప్పులన్నీ ఈ ఒక్క తప్పుడు అంచనా నుంచే వచ్చాయి.

సాక్ష్యం దిద్దనని అప్పుడే చెప్పాలా? చెబితే మరో అన్న దగ్గరికి వెళ్లి దిద్దించుకుంటాడు, నాతో మాట ఆగిపోతుంది. అందుకని “ఇంకా సమయం ఉంది, చూద్దాం” అన్నాను. అందులో సగం ఆలోచన, సగం పిరికితనం.

నేను చేసినవి, అవి ఎందుకు పనిచేయలేదో

మొదటి శనివారం తొమ్మిదవ ఆజ్ఞ మీద పాఠం చెప్పాను. “నీ పొరుగువానిమీద అబద్ధసాక్ష్యము పలుకకూడదు.” ఒక్కడిని నిలదీయకుండా అందరికీ చెబితే, ఎవరికి తగలాల్సింది వాళ్లకు తగులుతుందనుకున్నాను. కోర్టు సాక్షి గురించి చెప్పాను, చాడీల గురించి చెప్పాను, వాట్సాప్‌లో పుకార్లు పంపడం గురించి చెప్పాను. అతను ముందు వరుసలో కూర్చుని నోట్సు రాసుకున్నాడు. వెళ్లేటప్పుడు “మంచి పాఠం అన్నా, మా పిన్నికి వినిపించాలి” అన్నాడు. ఎక్కడా “ఎక్స్‌పీరియన్స్” అనే మాట వాడలేదు నేను. ఎందుకు వాడలేదో నాకు తెలుసు. ఆ గదిలో దాన్ని కొనుక్కున్నవాళ్లు కనీసం ఆరుగురు ఉన్నారు. వాళ్లలో ఇద్దరి తండ్రులు సంఘ పెద్దలు. పాఠం స్పష్టంగా లేకపోవడానికి కారణం వాక్యం కష్టంగా ఉండడం కాదు, నాకు ధైర్యం లేకపోవడం.

రెండోది భయం. అతన్ని ఒక్కడినే పక్కకు పిలిచి, 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో మోసానికి, తప్పుడు పత్రాన్ని అసలుదిగా వాడడానికి శిక్షలు ఉన్నాయని చెప్పాను. ఎప్పుడో మళ్లీ తనిఖీ జరిగితే ఉద్యోగం పోతుందన్నాను. శ్రద్ధగా విన్నాడు. వారం తర్వాత వచ్చి, “కనుక్కున్నానన్నా. పీఎఫ్ కట్టిన కేసులు దొరకవట. మనకు పీఎఫ్ ఉంది” అన్నాడు. “మనకు” అన్నాడు. నేను అడిగిన ప్రశ్న “దొరికితే ఏమవుతుంది” కాబట్టి, దానికి సరైన జవాబు “దొరకకుండా చూసుకుంటాను” అనే. అతను మంచి విద్యార్థి, నేను అడిగిన ప్రశ్నకే జవాబు తెచ్చాడు.

మూడోది చర్చ. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ నవ్వు, సిగ్గు రెండూ వస్తాయి. “అబద్ధం ఎప్పుడైనా న్యాయమేనా?” అని శనివారం చర్చ పెట్టాను. ఇలాంటి చర్చ అంటే యువకులకు పండగ. ఐగుప్తులో మంత్రసానులు మగబిడ్డలను చంపకుండా వదిలి ఫరోతో అబద్ధమాడితే దేవుడు వాళ్లకు మేలు చేశాడు. యెరికోలో రాహాబు ఇశ్రాయేలు వేగులవాళ్లను మిద్దె మీద దాచి, వెళ్లిపోయారని రాజు మనుషులకు చెప్పింది. యాకోబు తండ్రినే మోసగించి దీవెన కొట్టేశాడు, అయినా దేవుడు అతన్ని వదల్లేదు. ఒకమ్మాయి లేచి, “కొత్తగా చదువు పూర్తిచేసినవాళ్లు చేయగల పనికి రెండేళ్ల అనుభవం అడగడం కంపెనీల అబద్ధం కాదా?” అంది. చప్పట్లు కొట్టారు. నిజానికి ఆ ప్రశ్నలో న్యాయం ఉంది. తొమ్మిదింటిదాకా సాగింది. వెళ్లేటప్పుడు అందరి ముఖాల్లో ఒకటే అర్థం: ఇది పెద్దలకే తేలని విషయం. తేలని విషయంలో ఎవరి సౌకర్యం వాళ్లది. రాహాబు అబద్ధం ఇద్దరి ప్రాణాలు కాపాడడానికి, ఆమె తన ప్రాణం పణంగా పెట్టి చెప్పింది. ఇతని అబద్ధం 34 వేల జీతం కోసం. ఈ తేడా చెప్పడానికి రెండు వాక్యాలు చాలు. నేను ఆ రెండు వాక్యాలు చెప్పకుండా రెండు గంటలు చర్చ నడిపాను, ఎందుకంటే చర్చ బాగా నడుస్తోంది.

నాలుగోది అన్నింటికంటే పెద్ద తప్పు. ఇంటికి వెళ్లాను.

ఎందుకు వెళ్లానో చెప్పాలి. ఆ అబ్బాయి తండ్రి టైలరు. చూపు తగ్గి కుట్టుపని మానేశాడు. పుట్టుకతో లూథరన్. 1842లో లూథరన్ మిషనరీ హేయర్ దొర గుంటూరు వచ్చిన కాలం నుంచీ తమది విశ్వాసుల ఇల్లని ఆయనకు గొప్ప. మతసంస్కర్త లూథర్ 1529లో ప్రశ్నోత్తరాలుగా రాసిన చిన్న బోధన పుస్తకం కుటుంబ యజమానుల కోసమే, ఇంటిల్లిపాదికీ సులభంగా నేర్పమని. అది ఆయన చిన్నప్పుడు ఇంట్లో అప్పజెప్పినవాడు. నాకు ఇంతకంటే మంచి తోడు ఎవరు దొరుకుతారు? ఇంటి పెద్ద చెబితే వింటాడనుకున్నాను.

మాట తొమ్మిదవ ఆజ్ఞతో మొదలుపెట్టాను. “తొమ్మిదవది కాదు మాస్టారూ, ఎనిమిదవది” అన్నాడాయన. లూథరన్లు, రోమన్ కాథలిక్కులు విగ్రహాల మాటను మొదటి ఆజ్ఞలోనే కలిపి, ఆశపడకూడదన్న చివరి ఆజ్ఞను రెండుగా లెక్కిస్తారు. అందుకని వాళ్ల లెక్కలో ఇది ఎనిమిదవది. అరగంట ఆ లెక్క మీదే గడిచింది. ఆయన సంతోషంగా ఉన్నాడు. ఆ సంతోషంలో నేను అజాగ్రత్తగా, “అదే మాట, ఏ లెక్కలో అయినా మీ అబ్బాయి పెట్టుకున్న ఆ కాగితాల విషయంలో...” అన్నాను.

ఆయనకు తెలియదు. తల్లి నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన 90 వేలు కోర్సు ఫీజు అనుకుంటున్నాడు. నెలకు 2,700 వడ్డీ కడుతున్నది కోర్సు కోసమే అనుకుంటున్నాడు.

తల్లి వంటింటి గడపలో నిలబడి అంది: “మూడేళ్లు మా అబ్బాయి ఖాళీగా ఉన్నప్పుడు మీలో ఒక్కరైనా ఒక ఉద్యోగం చూపించారా మాస్టారూ? ఇప్పుడు దేవుడిస్తే మీకు తప్పు కనబడిందా?”

జవాబు లేదు నా దగ్గర. ఆ అబ్బాయి తర్వాత మూడు శనివారాలు రాలేదు.

ఏమి మారింది

మొదట మారాల్సింది నేను. అతను ఆఫీసు అయ్యాక రాయదుర్గం మెట్రో దగ్గర ఒక టీ బండి వద్ద కలిశాను. “నీ విషయం నీకంటే ముందు మీ నాన్నకు చెప్పే హక్కు నాకు లేదు, తప్పు చేశాను” అన్నాను. “పర్వాలేదన్నా” అని అతను అనలేదు. అది నాకు మంచి సూచనగా తోచింది. మర్యాద కోసం మాట్లాడడం మానేశాడు.

ఇంకో విషయం కూడా చెప్పాలా వద్దా అని రెండు రోజులు తర్జనభర్జన పడ్డాను. తొమ్మిదవ ఆజ్ఞ మీద పాఠం తయారు చేసుకుంటున్నప్పుడు నా సొంత కాగితం ఒకటి గుర్తుకొచ్చింది. మా నాన్న ఇంట్లోనే ఉంటూ, ఆయనకు నెలకు 8,000 అద్దె కడుతున్నట్టు రశీదులు రాసి పన్ను మినహాయింపు తీసుకున్నాను. పైసా కట్టింది లేదు. ఎనిమిది వేలే ఎందుకంటే ఏడాదికి 96 వేలు అవుతుంది. లక్ష దాటితే ఇంటి యజమాని పాన్ నంబరు ఇవ్వాలి. మా ఆఫీసులో దీన్ని ఎవరూ అబద్ధం అనరు. “హెచ్ఆర్ఏ పెట్టుకోవడం” అంటారు, హెచ్ఆర్ఏ అంటే ఇంటి అద్దె భత్యం. ఎక్స్‌పీరియన్స్ పెట్టుకోవడం, హెచ్ఆర్ఏ పెట్టుకోవడం. క్రియ ఒకటే.

చెబితే వచ్చే ప్రమాదం నాకు తెలుసు. “మీరూ అంతే కదా” అని సమం చేసుకుని ఊరుకోవచ్చు. చెప్పకపోతే వచ్చే ప్రమాదం ఇంకా పెద్దది. నేను ఒడ్డున నిలబడి అతన్ని నీళ్లలోకి దూకమంటున్నాను. చెప్పాను. 2022 నుంచి అప్‌డేటెడ్ రిటర్న్ అనే సదుపాయం ఉందని, మదింపు సంవత్సరం ముగిసిన ఏడాదిలోపు వేస్తే ఎగ్గొట్టిన పన్నూ వడ్డీ కలిపిన మొత్తం మీద నాలుగో వంతు అదనంగా కట్టాలని, కడుతున్నానని చెప్పాను. అతను మొదటిసారి నవ్వాడు. “లేవీయకాండంలో ఐదవ వంతే కదన్నా” అన్నాడు. నిజమే. ఆరవ అధ్యాయంలో అన్యాయంగా తీసుకున్నవాడు మూలధనం మీద ఐదవ వంతు కలిపి తిరిగివ్వాలి. “సుంకరి జక్కయ్య అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు ఇస్తానన్నాడు, దానికంటే ప్రభుత్వమే నయం” అన్నాను. జనవరిలో కట్టి రశీదు చూపించాను.

ఆ తర్వాత ముగ్గురమే కూర్చోవడం మొదలుపెట్టాం. అతను, నేను, అతని స్నేహితుడు ఒకడు. ఆ స్నేహితుణ్ణి అతనే ఎంచుకున్నాడు. పాతికమందిలో అతను ఒక ముఖం పెట్టుకోవాలి, ఇద్దరమే అయితే నేను జడ్జిని అవుతాను. ముగ్గురైతే ఆ రెండూ ఉండవని లెక్క. నేను పాఠం చెప్పకూడదని కూడా నిర్ణయించుకున్నాను. ఆదికాండం 27వ అధ్యాయం అతన్నే చదవమన్నాను, నెమ్మదిగా. చర్చలో యాకోబును వాళ్లే తెచ్చారు కదా, యాకోబుతోనే వెళ్దాం అనుకున్నాను.

చూపు తగ్గిన తండ్రి. ఆ మాట దగ్గర అతని గొంతు ఒకసారి ఆగింది. నేను ఆ పోలిక ముందుగా చూడలేదు. ఒంటి నిండా వెంట్రుకలున్న అన్న ఏశావులా తోచాలని మేకపిల్లల చర్మం చేతులకు కట్టుకుని యాకోబు లోపలికి వెళ్తాడు. “నీవెవరివి?” అంటాడు తండ్రి. ఏశావును అంటాడు. తండ్రి ఇస్సాకుకు అనుమానం వచ్చి దగ్గరికి పిలిచి చేతులు తడిమి చూస్తాడు. అక్కడ అతను చదవడం ఆపి, “ఇది బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ అన్నా” అన్నాడు.

నెల రోజులు నేను కట్టలేకపోయిన తలుపు అదే. ఆ మాట నా నోటి నుంచి వచ్చి ఉంటే అది ప్రసంగంలో ఒక చమత్కారం అయ్యేది. అతని నోటి నుంచి, అతని ఆఫీసు మాటల్లో వచ్చింది.

మరుసటి వారం మిగతా కథ చదివాం. యాకోబు మామ లాబాను దగ్గర ఇరవై ఏళ్లు. రాహేలు అనుకుని పెళ్లాడితే తెల్లారి చూస్తే లేయా. ముసలితనంలో కొడుకులు తమ్ముడు యోసేపు అంగీని మేక రక్తంలో ముంచి తెచ్చి, ఇది నీ కొడుకుదేనా చూడమంటే, యోసేపు చనిపోయాడని నమ్మి ఏడ్చాడు. మేక మళ్లీ వచ్చిందని స్నేహితుడు అన్నాడు. యబ్బోకు రేవు దగ్గర ఒక నరుడితో రాత్రంతా పోరాడినప్పుడు “నీ పేరేమి?” అని ప్రశ్న. ఈసారి “యాకోబు” అన్నాడు. తెల్లారాక కుంటుకుంటూ నడిచాడు. నేను ఏమీ కలపలేదు. ఆ కుంటి నడక దగ్గర ఎవరూ చాలాసేపు మాట్లాడలేదు.

మూడో వారం ఒక కాగితం ఇచ్చి మధ్యలో నిలువుగా గీత గీశాను. “నీ రెజ్యూమెలో ఉన్నవన్నీ రాయి. జరిగినది ఎడమ వైపు, జరగనిది కుడి వైపు.” పది నిమిషాల్లో అయిపోయింది. ఎడమ వైపు: బీటెక్, మూడు నెలల జావా కోర్సు, తనంతట తాను చేసిన ఒక చిన్న ప్రాజెక్టు. కుడి వైపు: ఒక కంపెనీ పేరు, రెండేళ్లు, ముగ్గురు క్లయింట్లు, ఒక టీమ్, ఒక “ఉత్తమ ఉద్యోగి” పురస్కారం. పురస్కారం దగ్గర తనే తల పట్టుకున్నాడు. “ఇది నేను అడగలేదన్నా, వాళ్లే వేశారు.”

అప్పుడు అతను తన అసలు వాదన బయటపెట్టాడు. నిజంగా మంచి వాదన. “ఆజ్ఞలో పొరుగువాని మీద అని ఉంది. నేను ఎవరి మీదా చెప్పలేదు. నా గురించి నేనే చెప్పుకున్నాను. ఎవరికి నష్టం?”

ఆజ్ఞలోని అంతరార్థం, హెబ్రీ పదం వగైరా నేను చెప్పగలను. చెప్పబోయి ఆగాను. “ఇంటర్వ్యూ రోజు నీతో పాటు ఇంకా ఎవరు వచ్చారు?” అని మాత్రం అడిగాను. గుర్తు చేసుకుంటూ పోయాడు. ఒకతను విజయవాడ నుంచి. ఇద్దరు ఎస్.ఆర్. నగర్ హాస్టల్ వాళ్లు. ఒకమ్మాయి, అమీర్‌పేటలో తన బ్యాచే. తనకంటే బాగా కోడ్ రాసేది, ఇతని నోట్సు ఆమె దగ్గర రాసుకున్నదే. ఆమె ఏమీ పెట్టుకోలేదు. అనుభవం లేదని మొదటి గదిలోనే వెనక్కి పంపారు. బయట మెట్ల మీద కూర్చుని ఇతనికి శుభాకాంక్షలు చెప్పింది.

“ఆమెకు తర్వాత ఎక్కడైనా వచ్చిందా?” అని స్నేహితుడు అడిగాడు.

“తెలియదు” అన్నాడు. ఇక ఆ రోజు మాట్లాడలేదు.

ఏమి చెప్పాను, ఎలా చెప్పాను

ఇప్పుడు చెప్పాల్సిన వంతు నాది. మా సంఘాల్లో ఒక మాట ఉంది: “ప్రార్థించి నిర్ణయించుకో.” మంచి మాటే. కాని తప్పో ఒప్పో తెలిసిన చోట చెప్పడానికి భయపడే పెద్దలు దాని వెనక దాక్కుంటారు. నేను చాలాసార్లు దాక్కున్నాను. ఈసారి “ఆ కాగితాలు నిజం కావని కంపెనీకి చెప్పాలి. ఆ సాక్ష్యం చెప్పకూడదు. ఎప్పుడు చెప్పాలో, ఎవరికి ముందు చెప్పాలో నువ్వు చూసుకో” అన్నాను. మూడు చిన్న వాక్యాలు. అక్టోబరులో ఇవే చెప్పి ఉంటే? వినేవాడు కాదని నా నమ్మకం, కాని రుజువు లేదు.

చెప్పడం ఉచితం. ఉద్యోగం పోతే నెలకు 2,700 వడ్డీ ఎవరు కడతారు? తల్లి గడపలో నిలబడి అడిగిన ప్రశ్నకు జవాబు మాటల్లో ఇవ్వడం కుదరదని అప్పటికి అర్థమైంది. ఈసారి అతని అనుమతి అడిగి, పాస్టరుగారితో, ఇద్దరు పెద్దలతో మాట్లాడాను. జబ్బుల కోసం ఉంచిన సహాయ నిధి నుంచి 60 వేలు వడ్డీ లేకుండా ఇవ్వాలని నా ప్రతిపాదన. ఒక పెద్దాయన, “అబద్ధం చెప్పినవాడికి సంఘం డబ్బా?” అన్నారు. రెండో ఆయన నిమ్మళంగా, “అబద్ధం చెప్పినప్పుడు మనం స్తోత్రం అన్నాం. నిజం చెబుతానంటే లెక్కలు చూస్తున్నాం” అన్నారు. డబ్బు ఇచ్చారు. మిగతా 30 వేలు అతనే జీతంలోంచి కట్టాడు. అంతకు ముందు అతను సంఘానికి ఇచ్చిన దశమభాగాలు (సంపాదనలో పదో వంతు కానుక) తిరిగి ఇచ్చేయాలని నేనన్నాను. పనిచేసి సంపాదించినది కాబట్టి అక్కర్లేదని పాస్టరుగారు అన్నారు. ఆ విషయంలో మాకు ఇప్పటికీ ఏకాభిప్రాయం లేదు.

డిసెంబరు 31 రాత్రి సాక్ష్యం చెప్పలేదు. చెప్పనని పాస్టరుగారికి తనే చెప్పుకున్నాడు. ఫిబ్రవరి రెండో వారంలో, బయటి అప్పు తీరాక, టీమ్ లీడ్‌కు చెప్పాడు. ఆయన పది నిమిషాలు ఏమీ అనక, “ఎందుకు చెప్పావు, ఎవరూ అడగలేదు కదా” అన్నాడట. సాయంత్రానికి లాగిన్ ఆపేశారు. రాజీనామా రాయించుకున్నారు. చివరి నెల జీతం రాలేదు, కేసు పెట్టలేదు. మూడున్నర నెలలు మళ్లీ ఖాళీ. తర్వాత ఒక చిన్న సంస్థలో సపోర్టు పని, 16 వేలకు, ఫ్రెషర్‌గా.

ఇప్పుడు చూస్తే

ఈ కేసు నుంచి నా బోధనలో మార్చుకున్నవి కొన్నే. ఆజ్ఞ చెప్పేటప్పుడు ఆ గదిలో వాళ్లు ఆ పనికి ఏ పేరు పెట్టుకున్నారో ఆ పేరుతోనే చెబుతున్నాను. “పెట్టుకోవడం” అనే క్రియ మీదే ఒక శనివారం గడిచింది. హెచ్ఆర్ఏ నుంచి మొదలుపెట్టాను, నా నుంచి. కష్టమైన సందర్భాలను, రాహాబును, మంత్రసానులను ఇప్పుడు చివర చెబుతున్నాను. మామూలు సందర్భం చేతికి పట్టుబడ్డాక అవి తికమక పెట్టవు, పైగా ఆసక్తిగా ఉంటాయి. ముందే చెబితే తప్పించుకునే దారి చూపించినట్టే. ఉద్యోగాల కోసం ప్రార్థించమని చీటీలు వస్తే, ఆ వారంలోనే ఆ చీటీ రాసినవాళ్ల రెజ్యూమె చూసే పని మాలో ఐటీలో పనిచేసే ముగ్గురికి అప్పగించాం. తల్లి ప్రశ్నకు అది ఆలస్యమైన, అరకొర జవాబు.

కుటుంబం విషయంలో నేను చేసిన నష్టం పూర్తిగా పూడలేదు. తండ్రి నన్ను చూస్తే ఆజ్ఞల లెక్క ఎత్తుతాడు, మా మధ్య అదే కుశలప్రశ్న. తల్లి వందనాలు చెబితే తల ఊపి వెళ్లిపోతుంది. ఆమెను నేను తప్పుపట్టను. ఆ గదిలోని మిగతా ఆరుగురిలో ఒకతను వచ్చి తన సంగతి చెప్పాడు. ఇంకొకతను, మేము యాకోబు కథ చదువుతున్న నెలలోనే ఎక్స్‌పీరియన్స్ కొనుక్కున్నాడని తర్వాత తెలిసింది. మిగతావాళ్లు ఎప్పటిలాగే శనివారం వస్తారు, నోట్సు రాసుకుంటారు.

నిలువు గీత గీసిన ఆ కాగితం చాలా రోజులు నా బైబిల్లోనే ఉండిపోయింది. మే నెలలో అతను అడిగి తీసుకున్నాడు. ఎందుకన్నాను. సపోర్టు పనికి ఇంటర్వ్యూ ఉంది, కొత్త రెజ్యూమె తయారు చేసుకోవాలన్నాడు. మడత మీద చింపి కుడి సగం నాకిచ్చి ఎడమ సగం జేబులో పెట్టుకున్నాడు. గుమ్మం దాకా వెళ్లి తిరిగొచ్చి, “ఆ 31 నెలల చోట ఏమి రాయనన్నా?” అన్నాడు.

“ఏమి చేశావో అది రాయి” అన్నాను.

“మా నాన్నకు కాజాలు కుట్టి పెట్టాను, చూపు ఆనేది కాదుగా” అన్నాడు. అదే రాశాడు.